సామ్రాజ్య ఆటల్లో స్నేహం, సైన్యం, విస్తరణ: మూడూ కలిపి నడపడం ఎలా

సివిలైజేషన్ 6 లాంటి ఆటల్లో కొత్తవాళ్లు ఎక్కువగా రెండు చోట్ల దెబ్బతింటారు. కొందరు గబగబా ఐదారు నగరాలు కట్టేస్తారు. పొలాలు, గనులు కళకళలాడుతుంటాయి. అంతలో పక్క రాజు దండెత్తి వచ్చి రెండు నగరాలు పట్టుకుపోతాడు. ఇంకొందరు ఆ భయంతో మొదటి నుంచీ సైన్యం మీదే పడతారు. వందో టర్న్ (ఆటలో ఒక వంతు) వచ్చేసరికి దళాలు మాత్రం బోలెడుంటాయి. నగరాలు రెండే, ఖజానా ఖాళీ, చుట్టూ ఉన్న రాజులందరికీ వాళ్లంటే గుర్రు.

ఇద్దరి తప్పూ ఒకటే. స్నేహం, సైన్యం, విస్తరణ అనేవి మూడు వేర్వేరు పనులనీ, ఒకటి అయ్యాక ఇంకొకటి చూసుకోవచ్చనీ అనుకోవడం. అవి వేర్వేరు కావు. మీరు కట్టే ప్రతి కొత్త నగరంతో ఒక కొత్త సరిహద్దు పుడుతుంది. ఆ సరిహద్దుకు కాపలా ఉండాలి. అది అవతలివాడితో ఒప్పందమైనా కావచ్చు, మీ దళమైనా కావచ్చు, కొండో సముద్రమో కావచ్చు. మూడింట్లో ఏదీ లేని సరిహద్దు ఉందంటే మీ రాజ్యానికి ఆ వైపు తలుపు తీసి ఉన్నట్టే. సెట్లర్‌ను (కొత్త నగరం పెట్టే దళాన్ని) పంపే ముందు "ఈ వైపు కాపలా ఎవరు?" అని అడుగుతూ ఆడితే ఆట తీరే మారిపోతుంది.

నేను ఎక్కువగా సివిలైజేషన్ 6 నే ఉదాహరణగా తీసుకుంటాను, అదీ గ్యాదరింగ్ స్టార్మ్ ఎక్స్‌పాన్షన్‌తో (ఆటకు అదనపు భాగం). కంప్యూటర్ లేకపోయినా ఫరవాలేదు, ఈ ఆట ఫోన్‌లోనూ దొరుకుతుంది. ఆండ్రాయిడ్‌లో అన్‌సివ్ అని ఉచితంగా దొరికే ఆట ఒకటుంది. అది సివిలైజేషన్ 5 పద్ధతిలో నడుస్తుంది. అంకెలు మారతాయి కానీ లెక్క ఇదే.

మొదటి అడుగు: నగరం కన్నా ముందు చుట్టుపక్కల చూడండి

రాజధాని పెట్టగానే ఒక స్కౌట్‌ను చేయండి. స్కౌట్ పని నిధులు వెతకడం మాత్రమే కాదు. పక్కన ఎవరున్నారు, ఎంత దూరంలో ఉన్నారు, మధ్యలో కొండలున్నాయా, నది ఉందా, మైదానమా అన్నది తెలుసుకోవాలి. మైదానం మీదుగా వచ్చే శత్రువు రెండు మూడు టర్న్‌లలో మీ గడపలో ఉంటాడు. కొండల మధ్య ఒకే కనుమ ఉంటే అక్కడ ఒక దళం నిలబెడితే చాలు. ఉదయగిరి కోట ఎక్కినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. అంత ఎత్తున, అన్ని వైపులా రాళ్లున్న చోట కోట ఎందుకు కట్టారో పైనుంచి కిందికి చూస్తేనే తెలుస్తుంది.

ఇంకో రాజు మీకు ఎదురైన టర్న్‌లోనే డెలిగేషన్ (కానుకతో వెళ్లే దూతల బృందం) పంపండి. ఖర్చు 25 గోల్డ్. మొదటిసారి కలిసినప్పుడు సాధారణంగా ఒప్పుకుంటారు. నాలుగు టర్న్‌లు ఆగితే మీ రాజ్యం పక్కనే ఉందనో, మీ పద్ధతి నచ్చలేదనో అతని మనసు మారి వద్దనవచ్చు. ఆట మొదట్లో 25 గోల్డ్ పెద్దగానే కనిపిస్తుంది. అయినా ఇవ్వండి. ఆ తర్వాత అదే మంచితనం కొనాలంటే దానికి నాలుగింతలు పెట్టినా దొరకదు.

రెండో అడుగు: చిన్న సైన్యం, కానీ అందరికీ కనబడే సైన్యం

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. సివిలైజేషన్ 6 లో గోడలు లేని నగరం శత్రువు మీద బాణం వేయలేదు. మేసన్రీ (రాతి కట్టడం విద్య) నేర్చుకుని గోడ కట్టాకే నగరం తనంతట తాను దాడి చేయగలదు. అంతవరకూ నగరాన్ని కాపాడేది మీ దళాలే.

కాబట్టి ముందుగా ఒకరిద్దరు స్లింగర్లను (వడిసెలతో రాళ్లు విసిరేవాళ్లను) చేయండి. ఒక స్లింగర్‌తో ఏదో ఒక దళాన్ని చంపితే ఆర్చరీ (విలువిద్య) నేర్చుకోవడానికి 40 శాతం దారి కలిసొస్తుంది. తర్వాత గోల్డ్ ఇచ్చి వాళ్లనే ఆర్చర్లుగా మార్చుకోవచ్చు. ఆర్చర్ రెండు గళ్ల దూరం నుంచి కొడతాడు. ముగ్గురు ఆర్చర్లు, ముందు అడ్డంగా ఇద్దరు వారియర్లు ఉంటే తొలి దశలో ఒక వైపు సరిహద్దును నిలబెట్టుకోవచ్చు. జీతాల లెక్క కూడా చూసుకోండి. వారియర్‌కూ స్లింగర్‌కూ జీతం లేదు, ఆర్చర్‌కు టర్న్‌కు 1 గోల్డ్. కాలం గడిచేకొద్దీ వచ్చే దళాల జీతాలు పెరుగుతాయి. అందుకే అవసరం లేని సైన్యం కూర్చుని తినే సైన్యం అవుతుంది.

సైన్యం యుద్ధానికి మాత్రమే కాదు. స్క్రీన్ పైన రాజుల బొమ్మల కింద వాళ్ల సైనిక బలం అంకె కనిపిస్తుంది, సెట్టింగ్స్‌లో అది ఎప్పుడూ కనబడేలా పెట్టుకోండి. మీరు చూసే ఆ బలాన్నే పక్కరాజు కూడా లెక్కేస్తాడు. మీ అంకె అతని అంకెలో సగం కూడా లేకపోతే, అతను మీతో ఎంత నవ్వుతూ మాట్లాడినా మీరు అతని కంటికి తేరగా దొరికే నేలే. పక్కవాళ్లందరికన్నా ఎక్కువ ఉండాలని కాదు. మీ మీదికి వస్తే నష్టపోతానని వాళ్లకు అనిపించేంత ఉంటే చాలు. పదేసి టర్న్‌లకోసారి ఈ అంకెలు చూసుకునే అలవాటు చేసుకోండి.

బార్బేరియన్ల (ఏ రాజుకూ చెందని దోపిడీ గుంపుల) గురించి ఒక ముక్క. వాళ్ల స్కౌట్ మీ నగరాన్ని చూసి తిరిగి శిబిరానికి చేరితేనే గుంపు బయల్దేరుతుంది. స్కౌట్ కనబడ్డ టర్న్‌లోనే వెంటపడండి. ఒక వారియర్ ఎప్పుడూ రాజధాని దగ్గరే ఉండాలన్నది ఇందుకే.

మూడో అడుగు: ఎటు, ఎంత వేగంగా పెరగాలి

సెట్లర్‌ను చేయాలంటే నగరంలో కనీసం ఇద్దరు జనాభా ఉండాలి. సెట్లర్ బయటికి వస్తే ఒకరు తగ్గుతారు. పైగా ఒక్కో సెట్లర్‌కూ ఖర్చు పెరుగుతూ పోతుంది. అందుకే తొలి సెట్లర్లను ఎటు పంపుతున్నామన్నది చాలా ముఖ్యం.

నా సలహా ఏంటంటే, మొదటి రెండు నగరాలూ పొరుగురాజు వైపే కట్టండి. వెనక ఉన్న ఖాళీ నేల ఎక్కడికీ పోదు. ముందున్నది పోతుంది. నగరాల మధ్య కనీసం మూడు గళ్లు ఖాళీ ఉండాలన్న నియమం ఆటలోనే ఉంది కాబట్టి, కనుమ దగ్గరో నది మలుపు దగ్గరో మీరు ముందుగా కూర్చుంటే ఇక ఆ దారి మీ సొంతం. మిగతావి తీరిగ్గా వెనక కట్టుకోవచ్చు.

కానీ మరీ ముందుకు వెళ్తే లాయల్టీ (నగర జనం మీ పట్ల చూపే విధేయత) దెబ్బ కొడుతుంది. చుట్టూ తొమ్మిది గళ్ల దూరంలో ఉన్న నగరాల జనాభా మీ నగరం మీద ఒత్తిడి పెడుతుంది, దగ్గరయ్యేకొద్దీ ఎక్కువ. పక్కరాజు పెద్ద నగరం పక్కనే ఒంటరిగా మీరు ఒక చిన్న నగరం పెడితే, యుద్ధమే లేకుండా కొన్ని టర్న్‌లకు అది చేయి జారిపోతుంది. గవర్నర్‌ను (నగరాన్ని చూసుకునే అధికారిని) పెడితే టర్న్‌కు 8 పాయింట్ల లాయల్టీ వస్తుంది. సెట్లర్ కదలక ముందే లాయల్టీ లెన్స్ (మ్యాప్ మీద లాయల్టీని చూపే బటన్) తెరిచి చూడండి. ఎర్రగా మైనస్ అంకె ఉన్న చోట, గవర్నర్‌ను పంపే ఆలోచన ఉంటేనే నగరం పెట్టండి.

వేగం సంగతికొస్తే, మన తీరంలో రొయ్యల సాగు చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు: ఉన్న ఏరేటర్లతోనే (నీటికి గాలి అందించే యంత్రాలతోనే) ఇంకో రెండు చెరువులకు పిల్ల వదిలితే మొత్తం సాగే ప్రమాదంలో పడుతుంది. రాజ్యమూ అంతే. ఒక కొత్త నగరం, వెంటనే దానికి ఒక కాపలా దళం, ఆ తర్వాతే ఇంకో నగరం. ఈ వరస తప్పకండి. ఇంకో కిటుకు ఉంది. రాజధాని నుంచి కొత్త సరిహద్దు నగరానికి వర్తకుణ్ణి పంపండి. అతను నడిచిన దారంతా రోడ్డు పడుతుంది. రేపు గొడవ వస్తే మీ ఆర్చర్లు ఆ రోడ్డు మీద త్వరగా చేరతారు. చాలామంది వర్తకుణ్ణి గోల్డ్ కోసమే వాడతారు, నాకు మాత్రం మొదటి వర్తకుడు వేసే రోడ్డే ముఖ్యం.

నాలుగో అడుగు: స్నేహానికి క్యాలెండర్ పెట్టండి

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. ఎందుకంటే ఎక్కువమంది స్నేహాన్ని ఒకసారి చేసి మర్చిపోతారు.

కావలిలో ఉండే మా పిన్ని కొడుకు ఫోన్‌లో ఆడుతూ ఒకరోజు ఫోన్ చేశాడు. "అన్నా, వాడు నాకు ఫ్రెండే కదా, పచ్చ నవ్వు బొమ్మ కూడా ఉండింది. ఇప్పుడేంది ఇట్టా మీదికొచ్చినాడు?" స్క్రీన్‌షాట్లు పంపమన్నాను. చూస్తే అంతా తేలిపోయింది. డిక్లరేషన్ ఆఫ్ ఫ్రెండ్‌షిప్ (స్నేహ ఒప్పందం) మామూలు వేగంలో 30 టర్న్‌లు ఉంటుంది. అది నడుస్తున్నంతకాలం ఇద్దరూ ఒకరి మీద ఒకరు యుద్ధం ప్రకటించుకోలేరు. మావాడి ఒప్పందం గడువు ఆ దాడికి మూడు టర్న్‌ల ముందే అయిపోయింది. మావాడు మళ్లీ అడగలేదు. ఈలోపు అవతలివాడి సైనిక బలం వీడికన్నా మూడింతలు దాటింది, సరిహద్దు నగరంలో ఒక్క వారియర్ తప్ప ఎవరూ లేరు. గడువు తీరింది, దళం లేదు, గోడ లేదు. ఆ నవ్వు బొమ్మ పాపం ఏం చేస్తుంది?

దీనికి ఒక పద్ధతి చెప్పాను. మ్యాప్ మీద పిన్ గుచ్చి దానికి పేరు రాసుకునే సదుపాయం ఆటలోనే ఉంది. స్నేహం కుదిరిన వెంటనే ఆ రాజు రాజధాని మీద పిన్ పెట్టి, గడువు తీరే టర్న్ నంబర్ రాయండి. 62వ టర్న్‌లో కుదిరితే "92" అని. దానికి ఐదు టర్న్‌ల ముందు నుంచే ఆ సరిహద్దులో ఇద్దరు ఆర్చర్లను సిద్ధంగా ఉంచి, 92 రాగానే మళ్లీ అడగండి. ఒప్పుకుంటే ఆర్చర్లను వేరే పనికి పంపవచ్చు. ఒప్పుకోకపోతే గోడ కట్టడం మొదలుపెట్టండి. స్నేహం ఉన్న 30 టర్న్‌లలో ఆ వైపు సైన్యాన్ని తీసి నగరాలకు ఖర్చు పెట్టొచ్చు, స్నేహం వల్ల అసలు లాభం అదే.

స్నేహం కుదరాలంటే ఏం చేయాలి? ప్రతి రాజుకూ ఒక అజెండా (ఇష్టాయిష్టాల జాబితా) ఉంటుంది. ఒకరికి వింతలు కట్టేవాళ్లు నచ్చరు, ఒకరికి బలహీనులు నచ్చరు. అది చదివి, మీ దారికి అడ్డం రాని చోట సరిపెట్టుకోండి. మీ దగ్గర ఎక్కువగా ఉన్న లగ్జరీ వస్తువును అమ్మండి. ఒకే రకం రెండు ఉంటే రెండోదానితో మీకు ఒరిగేదేమీ లేదు. వర్తకుణ్ణి అతని నగరానికి పంపండి. చీరాల దగ్గరి మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244 లో వేయించిన అభయ శాసనం ఈ విషయంలో గొప్ప పాఠం. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవాళ్లు. తాను సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని ఆయన రాతి మీద చెక్కించాడు. వ్యాపారం చేసేవాడికి నమ్మకం కలిగితే అతను మళ్లీ మళ్లీ వస్తాడు.

మాట ఇచ్చాక తప్పకండి. "మా సరిహద్దు నుంచి సైన్యం తీసెయ్", "మా దగ్గర నగరాలు కట్టకు" అని రాజులు అడుగుతుంటారు. సరేనని ఒప్పుకుని తప్పితే గ్రీవెన్సులు (మీ మీద ఫిర్యాదుల లెక్క) పేరుకుంటాయి. నిలబెట్టుకోలేనప్పుడు ముందే కాదనడం మేలు.

చిన్న నగర రాజ్యాలను మర్చిపోవద్దు. వాటికి పంపే ఎన్వాయ్‌లు (రాయబారులు) 1, 3, 6 అయినప్పుడల్లా లాభం పెరుగుతుంది. కనీసం ముగ్గురుండి, అందరికన్నా మీవే ఎక్కువైతే మీరే సుజరైన్ (ఆ రాజ్యానికి పెద్ద దిక్కు). అప్పుడు గోల్డ్ ఇచ్చి వాళ్ల సైన్యాన్ని కొంతకాలం మీ కింద నడుపుకోవచ్చు. సరిహద్దులో ఇలాంటి చిన్న రాజ్యం ఉంటే దాన్ని పట్టుకోవడం కన్నా దానితో కలిసి ఉండటమే నాకు ఇష్టం. జీతం లేని కాపలా దొరుకుతుంది. అమానీ అనే గవర్నర్‌ను అక్కడ పెడితే ఆమె ఒక్కతే ఇద్దరు ఎన్వాయ్‌ల సమానం.

రాయబారం బలం ఏంటో నెల్లూరు వాళ్లకు వేరే చెప్పాలా? దాయాదులు నెల్లూరు రాజు మనుమసిద్ధిని గద్దె దింపినప్పుడు, మంత్రి తిక్కన ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సాయం అడిగాడనీ, కాకతీయ సేన వచ్చి సింహపురి (నెల్లూరు) సింహాసనాన్ని తిరిగి ఇప్పించిందనీ చెబుతారు. తన దగ్గర సైన్యం లేనివాడికి ఇంకొకరి సైన్యాన్ని తెచ్చిపెట్టింది మాట. ఆటలో మీరు దెబ్బతిని ఉన్నప్పుడు కూడా ఇదే చేయండి. సివిల్ సర్వీస్ (ఆటలో నేర్చుకునే ఒక పాలనా విద్య) వచ్చాక స్నేహితుడితో అలయన్స్ (కూటమి) కుదుర్చుకోవచ్చు. ఐదు రకాల్లో మిలిటరీ అలయన్స్ మీ బలహీనమైన సరిహద్దుకు ఆనుకుని ఉన్న రాజుతో చేసుకోండి. రీసెర్చ్ అలయన్స్ దూరంగా ఉన్నవాడితోనైనా సరిపోతుంది.

ఐదో అడుగు: యుద్ధం ఎప్పుడు, ఎంతవరకు

యుద్ధానికి ముందు మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలి. ఏ నగరం కావాలి? మిగతా సరిహద్దులు ఎవరు చూస్తారు? ఎక్కడ ఆపుతాను?

శ్రీకృష్ణదేవరాయలు 1509 లో గద్దెనెక్కాడు. ఒడిశా గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరి మీదికి 1513 లో గానీ రాలేదు. ఈలోపు పడమట సుల్తానుల సంగతి చూశాడు, దక్షిణాన ఉమ్మత్తూరు తిరుగుబాటును అణిచాడు. వెనక నుంచి ఎవరూ రారని ధైర్యం వచ్చాకే తూర్పుకు తిరిగాడు. కోట ఒక పట్టాన లొంగలేదు. కొండరాళ్లు పగలగొట్టించి సైన్యానికి దారులు వేయించాడని పోర్చుగీసు రాతల్లో ఉంది. 1514 లో ఉదయగిరి, 1515 లో కొండవీడు పడ్డాయి. ఆ తర్వాత చేసింది నాకు ఇంకా గొప్పగా తోస్తుంది. సింహాచలం దాకా వెళ్లి గెలిచినవాడు, చివరికి కృష్ణకు ఉత్తరాన ఉన్న నేల గజపతికే తిరిగి ఇచ్చి, ఆయన కూతుర్ని పెళ్లి చేసుకుని సంధి కుదుర్చుకున్నాడు. నిలబెట్టుకోగలిగినంతే ఉంచుకున్నాడు.

ఆటలోనూ ఇదే వరస. ముందు మిగతా పొరుగువాళ్లతో స్నేహం గడువు కనీసం 20 టర్న్‌లు మిగిలి ఉండేలా చూసుకోండి. తర్వాత లక్ష్యంగా పెట్టుకున్న రాజును డినౌన్స్ చేసి (బహిరంగంగా ఖండించి) ఐదు టర్న్‌లు ఆగి ఫార్మల్ వార్ (ముందే తెలిపి చేసే యుద్ధం) ప్రకటించండి. హఠాత్తుగా మీద పడే సర్‌ప్రైజ్ వార్ కన్నా దీనికి గ్రీవెన్సులు తక్కువ. ఆ ఐదు టర్న్‌లలో సైన్యాన్ని రోడ్డు మీద నడిపించుకోండి. పాతకాలం గోడలున్న నగరానికి బ్యాటరింగ్ రామ్ (గోడలు పగలగొట్టే దూలం) తప్పకుండా తీసుకెళ్లండి. అది లేకపోతే కత్తివాళ్ల దెబ్బలు గోడకు తగలనట్టే. నగరం చుట్టూ అన్ని వైపులా మీ దళాల అదుపు ఉండేలా నిలబడితే ముట్టడి అవుతుంది, ఆ నగరం గాయాలు మానవు. ముట్టడి పూర్తి కాకముందే తొందరపడి కొడితే మీవాళ్లే అరిగిపోతారు.

చిన్న కారణానికి పెద్ద యుద్ధం వద్దు. కాటమరాజు కథ తెలిసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మేత బీళ్ల పుల్లరి దగ్గర మొదలైన తగాదా మనుమసిద్ధితో యుద్ధం దాకా పోయింది, ఖడ్గతిక్కన లాంటి సేనాని అందులోనే పోయాడు. ఆటలో ఎవడో మీ పక్కన నగరం పెట్టాడనో, మీ నగర రాజ్యంలో ఎన్వాయ్ పెంచాడనో కోపంతో యుద్ధం ప్రకటించబోతే, ముందు ఆ పై మూడు ప్రశ్నలూ వేసుకోండి. ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆగండి.

కావలసిన నగరం చేతికి వచ్చిన వెంటనే సంధికి దిగండి. ఒప్పందంలో పట్టుకున్న నగరాలను మీకే వదిలేసినట్టు రాయించుకోండి, లేకపోతే అవి ఆక్రమిత నగరాలుగానే ఉండి తలనొప్పి అవుతాయి. శత్రువు ఆఖరి నగరాన్ని పట్టుకుంటే లోకమంతా మీ మీద మండిపడుతుంది. ఒక మూల చిన్న నగరం వదిలేయండి, నష్టం లేదు. సంధి తర్వాత కొన్ని టర్న్‌లు ఇద్దరూ కొట్టుకోలేరు. ఆ గడువు కూడా పిన్ మీద రాయండి. దెబ్బతిన్నవాడు ఆ నంబర్ కోసమే ఎదురుచూస్తుంటాడు.

యూరోపా యూనివర్సాలిస్ 4 ఆడేవాళ్లకు

ఈ ఆట 1444 నవంబర్ 11 న మొదలవుతుంది. విజయనగరంగా ఆడితే బహమనీలు, గజపతులు ఇద్దరూ ఎదురుగా ఉంటారు కాబట్టి మన వైపు వాళ్లకు ఇంతకన్నా ఇష్టమైన మొదలు ఉండదు. ఇక్కడ విస్తరణ ఖర్చు బాహాటంగానే కనిపిస్తుంది. నేల పట్టుకున్నకొద్దీ అగ్రెసివ్ ఎక్స్‌పాన్షన్ (మీ ఆక్రమణల మీద ఇతర రాజ్యాల కోపం) పెరుగుతుంది. అది 50 దాటి, మీ మీద అభిప్రాయం కూడా చెడినవాళ్లు కలిసి కూటమి కట్టగలరు. ఓవర్ ఎక్స్‌టెన్షన్ (ఇంకా మీ పాలనలో కుదురుకోని కొత్త నేల భారం) 100 శాతం దాటితే లోపల తిరుగుబాట్లు తప్పవు. అందుకే శాంతి ఒప్పందం స్క్రీన్‌లో ఒక్కో ప్రావిన్స్ మీద నొక్కుతూ, ఎవరెవరికి ఎంత కోపం వస్తుందో చూసి, రెండో మూడో తీసుకుని ఆపండి. కారణం లేకుండా యుద్ధం ప్రకటిస్తే స్టెబిలిటీ (రాజ్యం నిలకడ) 2 పడిపోతుంది, సంధి గడువులో కొడితే 5 పడిపోతుంది. దౌత్య సంబంధాల పరిమితి మొదట్లో నాలుగే. దూరంగా ఉన్న పెద్ద రాజ్యంతో ఒకటి, శత్రువుకు అవతలి వైపున్నవాడితో ఒకటి తప్పనిసరిగా ఉంచి, మిగతావి సామంతులకు వాడండి.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 లో రాయబారానికి అంత చోటు లేదు. అక్కడ స్కౌట్‌తో ముందుగా చూడటం, కాసిల్ ఏజ్‌లో (ఆటలో మూడో యుగం) రెండో టౌన్ సెంటర్ పెట్టేటప్పుడు దాని పక్కన కాపలా ఉంచడం చాలు.

సాధన చేయడానికి సివిలైజేషన్ 6 లో స్మాల్ మ్యాప్, పాంజియా (ఒకే పెద్ద ఖండం), ప్రిన్స్ అనే కష్టస్థాయి పెట్టుకోండి. ప్రిన్స్‌లో మీకూ కంప్యూటర్‌కూ ఎవరికీ అదనపు లాభం ఉండదు. ఒకే ఖండం కాబట్టి అందరూ త్వరగా ఎదురవుతారు. 50, 75, 100 టర్న్‌ల దగ్గర ఆట ఆపి, ఒక కాగితం మీద మీ సరిహద్దులన్నీ రాయండి. ఒక్కోదాని పక్కన స్నేహమా, దళమా, కొండా అని రాసి, స్నేహమైతే గడువు నంబర్ కూడా వేయండి. పక్కన ఏమీ రాయలేకపోయిన సరిహద్దు కనబడితే తర్వాతి సెట్లర్‌ను ఆపి, ఆ నగరంలో ముందు ఆర్చర్‌ను మొదలుపెట్టండి.